మేడ మీద తాడు చప్పుడు

ఆరేళ్లుగా నేనొక చప్పుడును మోస్తున్నాను. సిమెంటు నేల మీద స్కిప్పింగ్ తాడు తగిలే చప్పుడు. చప్పుడుకు బరువేమిటి అంటారేమో. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ఏ హాస్టల్ పిల్ల పొద్దున్నే డాబా ఎక్కి తాడాట మొదలుపెట్టినా, నా చేతిలో కాఫీ గ్లాసు నోటిదాకా రాదు. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితంతో పని ఉండేది కాదు.

నేను వికెట్ కీపర్‌ని. అంటే, ఒకప్పుడు. జట్టులో పదకొండు మంది ఉంటారు, కీపర్ ఒక్కతే. రెండో బౌలర్‌కు చోటుంది, ఐదో బౌలర్‌కు కూడా చోటుంది. రెండో కీపర్‌కు మాత్రం మొదటి కీపర్ వేలు విరిగితే తప్ప లేదు. మూడు సీజన్లు నేను రెండో కీపర్‌ని. నీళ్ల సీసాలు అందించాను, పొడి గ్లవ్స్ అందించాను, బౌండరీ బయట కూర్చుని చప్పట్లు కొట్టాను. మొదటి కీపర్ రేణుక. ఇది అసలు పేరు కాదు. నాకన్నా నాలుగేళ్లు చిన్నది. నాకన్నా బాగా ఆడేది. ఈ చివరి వాక్యం రాయడానికే నాకు ఆరేళ్లు పట్టింది.

ఆమె మా ఇంట్లోనే ఉండేది. మా నాన్న భీమవరం నుంచి ఉద్యోగానికి వచ్చి అశోక్‌నగర్‌లో కట్టుకున్న చిన్న ఇల్లు. కింద అమ్మా నేనూ. డాబా మీద ఒక గది, దానికి వెనక సందులోంచి వేరే మెట్లు. సూర్యాపేట వైపు పల్లెటూరి నుంచి పదిహేడేళ్ల వయసులో కిట్ బ్యాగుతో దిగిన రేణుకకు ఆ గది ఇప్పించింది నేనే. అప్పుడు ఆమె నాకు పోటీ కాదు, చెల్లెలు. నారాయణగూడలో నెట్ ప్రాక్టీసుకు ఒకే స్కూటీ మీద వెళ్లేవాళ్లం. అక్కా అక్కా అంటూ నా కొంగు వదిలేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, అది లేకపోతే మిగతాది అర్థం కాదు. రేణుక స్థాయిలో ఆడేవాళ్లు రోజూ ఒక గంట తాము ఎక్కడుంటారో ముందే రాసివ్వాలి. ఆ గంటలో డోపింగ్ పరీక్ష వాళ్లు చెప్పాపెట్టకుండా వస్తారు. ఏడాదిలో మూడుసార్లు వాళ్లకు దొరక్కపోతే చాలు, ఒంట్లో ఏమీ లేకపోయినా నిషేధమే. రాయాల్సిందంతా ఇంగ్లీషులో. రేణుక తెలుగు మీడియంలో పదో తరగతి చదివింది. ఇంగ్లీషులో తన పేరూ బస్సు బోర్డులూ చదువుతుంది, అంతే. కాబట్టి ఆమె ఫోన్లో ఆ ఫారం నింపేది నేను. వచ్చే ఉత్తరాలు చదివి చెప్పేది నేను. ఆమె ఇంగ్లీషు మొత్తం నా చేతిలో ఉండేది.

ఆమె రాయించిన గంట పొద్దున ఆరు నుంచి ఏడు. మొదటిసారి చెప్పకుండా ఊరికి పోయింది, దొరకలేదు. రెండోసారి అడిక్‌మెట్‌లో ఒక అబ్బాయి గదిలో ఉంది, దొరకలేదు. ఆ పిల్లవాడు ఆమెకు ఏ రకంగానూ తగినవాడు కాదు. జట్టు మేనేజర్ పిలిపించి, మైదానం బయట వేషాలు వేస్తే కాంట్రాక్టు ఉండదని అందరి ముందూ తిట్టాడు. ఆమె ఏడ్చింది. నేను ఓదార్చాను. వీపు నిమురుతూ లోపల ఏం లెక్క వేసుకున్నానో మీకు తెలిసే ఉంటుంది. ఇంకొక్కటి. ఇంకొక్కటి చాలు.

ఆ తర్వాత రేణుక ఎంత భయపడిందంటే, ఆరు నుంచి ఏడు దాకా డాబా దిగేదే కాదు. గంట అయ్యేదాకా తాడాట, ఆపైన స్నానం, ఏడుంబావుకు కిందికొచ్చి అమ్మ కాఫీ. గడియారం పెట్టినట్టు అదే వరస. ఫోను మాత్రం మా హాల్లో ఛార్జింగ్‌లో ఉండేది, ఆమె గదిలో ప్లగ్గు పాడైంది కాబట్టి. ఇక చిరునామాలో ఇంటి నంబరు రాశాను కానీ, పై గది అనీ వెనక మెట్లనీ రాయలేదు. బద్ధకం వల్ల. ఒట్టు, అది బద్ధకమే. ఆ ఒక్కటైనా కుట్ర కాదని చెప్పుకుని నాకేం ఒరుగుతుందో తెలీదు.

ఆ రోజు అమ్మ నల్లకుంటలో పిన్ని ఇంట్లో ఉంది. ఆరుంబావుకు బెల్లు మోగింది. మెడలో కార్డుతో ఒక నడివయసు ఆవిడ, చేతిలో సంచి. రేణుక గారు కావాలి అంది.

పైన తాడు మోగుతూనే ఉంది.

"లేదండీ. నిన్నటి నుంచీ ఇంటికి రాలేదు," అన్నాను. నోరు తడబడుతుందనుకున్నాను. తడబడలేదు.

గంట పూర్తయ్యేదాకా వేచి ఉండాలి, అది తమ నియమం అంది. లోపల కూర్చోమన్నాను. టీ పెట్టాను. ఆవిడ ఒకసారి తలెత్తి కప్పు వైపు చూసి, పైన ఎవరని అడిగింది.

"కోచింగ్ పిల్లలండీ. గ్రూప్స్‌కు చదువుతున్నారు. కూర్చుని కూర్చుని లావైపోతున్నామని పొద్దున్నే గెంతుతుంటారు."

ఆవిడ నవ్వింది. అశోక్‌నగర్‌లో ఆ మాట నమ్మనివాళ్లు ఎవరు? ప్రతి మేడ మీదా వాళ్లేగా. నేనూ నవ్వాను. ఇద్దరం టీ తాగాం. ఏడుకు ఐదు నిమిషాలుందనగా ఆవిడ రేణుక నంబరుకు ఫోన్ చేసింది. ఆ ఫోను అప్పటికే నా దిండు కింద, చప్పుడు లేకుండా ఉంది. ఆవిడ నా పేరైనా అడగకుండా ఏదో రాసుకుని వెళ్లిపోయింది. తాడు చప్పుడు అప్పుడే ఆగింది. ఏడుంబావుకు రేణుక చెమట తుడుచుకుంటూ కిందికొచ్చి, కాఫీ నేనే కలుపుతానంది. కలిపి ఇచ్చింది. తాగాను.

నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది కానీ, ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు? సంతోషం కలిగింది. చేతులు తేలికైనట్టు అనిపించింది. బంతి కోసం చాచినట్టు రెండు అరచేతులూ చూసుకున్నాను.

నోటీసు వచ్చినప్పుడు చదివి చెప్పింది నేనే. ఆమె గోడకు ఆనుకుని కూలబడింది.

"నేను పైననే ఉన్న గదక్కా! తాడాడుతనే ఉన్న. ఆమె ఏ ఇంటికి పోయిందో ఏందో! ఎవరో లేదని చెప్పిండ్రంట. ఎవరు చెప్పిండ్రక్కా?"

"నేను బాత్రూంలో ఉన్నానేమో. బెల్లు వినపడలేదు."

"నువ్వు జర రాసియ్యి అక్కా. పొద్దుగాల నేను ఇంట్లనే ఉన్ననని. నువ్వు రాస్తే నమ్ముతరు. నాకు ఇంకెవరున్నరు?"

"రాస్తాను," అన్నాను.

రాశాను. మంచి ఇంగ్లీషులో రాశాను. ఆ ఉదయం రేణుక ఇంట్లో లేదని, అధికారికి ఆ మాట చెప్పింది నేనేనని, ఆమె తరచూ అడిక్‌మెట్‌లో ఉంటుందని, ఎంత చెప్పినా వినదని, అయినా మంచి పిల్ల కాబట్టి దయ చూపమని. ఆ దయ మాట దగ్గర ఆగి, కాస్త ఆలోచించి, ఉంచేశాను. ఆ ఒక్క మాట వల్ల ఉత్తరం నమ్మకంగా కనపడుతుందని. కింద సంతకం చేశాను. రేణుక దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్లకు అద్దుకుంది. సందు చివర జిరాక్స్ షాపులో తన కోసం ఒక కాపీ తీయించి, లామినేషన్ కూడా చేయించుకుంది. ఈ ఉత్తరం ఎవరికైనా చూపించావా అని ఆ వారమంతా రోజూ అడిగాను. ఎందుకు చూపిస్త, నువ్వే రాసినవ్ గద అంది.

విచారణ వీడియోలో. మా డైనింగ్ టేబుల్ మీద నా ల్యాప్‌టాప్. భాష కోసం ఒక స్నేహితురాలు సాయంగా ఉంటుందని ముందే చెప్పాం. కెమెరాకు కనపడకుండా పక్కన కూర్చున్నాను. రేణుక తాను మేడ మీదే ఉన్నానంది. అది సరిగ్గానే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. విచారణ జరుపుతున్న పెద్దాయన కళ్లజోడు తీసి, మీరే పంపిన ఈ ఉత్తరంలో ఉన్నదాన్ని మీరు ఒప్పుకుంటున్నారా అని అడిగాడు. ఆ ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. ఒక్క అక్షరం మార్చలేదు. మార్చాల్సిన పనే లేకపోయింది.

"ఒప్పుకుంటున్న సార్. అండ్ల రాసిందంత నిజమే. మా అక్క అబద్ధం రాయది."

అని నా వైపు తిరిగి నవ్వింది. నేను ల్యాప్‌టాప్‌కు "ఎస్" అని మాత్రం చెప్పాను.

రెండేళ్లు వేశారు. తీర్పు కూడా నేనే చదివి వినిపించాను, ఉత్తరం గురించి రాసిన పేరా వదిలేసి. జట్టు అదే వారం ఆమె కాంట్రాక్టు తెంచేసింది. తీర్పు మర్నాడు చిక్కడపల్లిలో టిఫిన్‌కు తీసుకెళ్లాను. ఆమె ప్లేటు ముట్టలేదు. నా దోసె తిన్నాక ఆమెది కూడా నేనే తిన్నాను, ఎందుకు పారేయాలని. అక్కడే తన గ్లవ్స్ బ్యాగులోంచి తీసి నా ఒళ్లో పెట్టింది. నువ్వన్న ఆడక్కా అంది. ఆడాను. మూడు సీజన్లు, ఆ గ్లవ్స్‌తోనే. నా వేళ్లకు కొంచెం వదులుగా ఉండేవి. ఆ ఆట చూపించి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకున్నాను. నిషేధం అయ్యాక రేణుకను ఎవరూ పిలవలేదు. పేపర్లో డోపింగ్ అనే మాట పక్కన ఒకసారి పేరు పడితే, అసలేం జరిగిందని ఎవరడుగుతారు?

ఇప్పుడామె నారాయణగూడలో ఒక బడిలో ఆటల టీచరు. సుల్తాన్ బజార్‌లో కొన్న చవక ట్రాక్ ప్యాంటుతో, ఎండలో, విజిల్ ఊదుతూ కనపడుతుంది. నన్ను చూస్తే పిల్లలందరినీ పిలిచి, ఈ అక్క నా కోసం కొట్లాడింది అని చెబుతుంది. పిల్లలు నాకు చప్పట్లు కొడతారు. నేను చేయి ఊపుతాను. అవును, ఊపుతాను.

మరి ఇన్నాళ్లూ లేనిది ఇవాళ ఎందుకు రాస్తున్నాను? పోయిన వారం రేణుక ఫోన్ చేసింది. ఆమె సొంత అక్క కూతురు చదువు కోసం వచ్చి ఆమె దగ్గరే ఉంటోందట. ఇంగ్లీషు నీళ్లు తాగినట్టు చదువుతుందట. "నీ ఉత్తరం దాచుకున్న కదక్కా, పాపతోని ఒకసారి సద్విపించుకుంట. నా గురించి మంచిగ రాసింది గదొక్కటే," అంది. సరే అన్నాను. ఇంకేం అనగలను?

కాబట్టి ఇది మనస్సాక్షి అని మీరు పొరపడకండి. ఆ పాప చదవకముందే నేను చెప్పినట్టు ఉండాలని, అంతే. భయం లేకపోతే ఇంకో ఆరేళ్లయినా రోజూ కాఫీ తాగి ఆఫీసుకు పోయేదాన్ని. బయటపడితే ఉద్యోగం పోతుంది, పోనీ. క్షమించమని అడగను. ఆమె క్షమిస్తుందేమోనని కూడా భయంగా ఉంది. కానీ పైన రాసిన ఆ మాట, నాకన్నా బాగా ఆడేదన్న మాట రాశాక, మిగతాదంతా ఆగకుండా రాశాను.

రేణుక గురించి ఇంతవరకు నేను రాసిందంతా ఇంగ్లీషులోనే రాశాను. ఇది తెలుగులో రాశాను. ఆమె తనంతట తానే చదువుకోగలదు.