కారు వెనక మూడు అక్షరాలు

“అక్కడ రుద్దొద్దు, పెయింట్ పోతాది!”

ఆ మాట చెవిన పడ్డ క్షణమే నాకు మొదటిసారి భయం వేసింది. దసరాకు పూజ చేసినప్పుడు కారుకు పూసిన పసుపు ఎండి అట్ట కట్టిందని, శనివారం పొద్దున తడిగుడ్డతో డిక్కీ తలుపు తుడుస్తున్నాను. లోపల గడ్డం గీసుకుంటున్న మా ఆయన ఒక చెంప నిండా నురగతో బయటికి ఉరికొచ్చాడు. ఆయన నా మేనత్త కొడుకు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయినా నాకింకా బావే. కోళ్ళు కారెక్కి తొక్కినా, మా నాలుగేళ్ళ పిల్లోడు బలపం రాయితో తలుపు మీద బొమ్మ గీసినా పట్టించుకోని మనిషి. మోడల్ పేరు చెప్పే మూడు వెండిరంగు అక్షరాల దగ్గరికి నా గుడ్డ పోగానే ఆయనకు పెయింట్ గుర్తొచ్చింది.

“పసుపే కదా బావా, నీళ్ళకే పోతుంది.”

“పోకపోతే వానకు పోతాది. నీకు లోపల పనేం లేదా?” అని గుడ్డ లాక్కున్నాడు.

అప్పటికే నేను చూశాను. డిక్కీ అంతా పసుపు పోయింది, అక్షరాల దగ్గర మాత్రం సన్నటి గీతగా నిలిచిపోయింది. ఆ గీత ఈ మూడు అక్షరాల అంచు వెంబడి లేదు. వాటి కింద నుంచి బయటికొచ్చి, పక్కకు జరిగి, మళ్ళీ వాటి కిందికే దూరింది. ముందెప్పుడో అక్కడ వేరే పేరు ఉండేది. దాని పాత జిగురు పసుపును పట్టుకుంది.

మూడు నెలల కింద ఈ పాత కారు కొనేటప్పుడు నేను పెట్టిన షరతు ఒక్కటే. ముందర రెండు బెలూన్లుండే పై మోడలే కావాలన్నాను. ఎయిర్ బ్యాగులను మా ఇళ్ళల్లో బెలూన్లనే అంటాం. అంతకుముందు ఏడాది గిద్దలూరు దాటినాక ఘాట్‌లో, బస్సు కిటికీలోంచి ఒక కారును చూశాను. పిట్టగోడకు గుద్దుకుని ముందు భాగమంతా నుజ్జయింది. లోపల తెల్లటి గుడ్డసంచులు వేలాడుతున్నాయి. పక్కన రోడ్డు మీద ఒకామె కూర్చుని, పెదవి చిట్లిన తన తల్లిని పొదువుకుని ఉంది. ఇద్దరూ బతికే ఉన్నారు. ఆ సంచులు నా కళ్ళ ముందు నుంచి పోలేదు.

మర్నాడు ఆదివారం మేం ఎక్కాల్సింది ఆ ఘాటే. నంద్యాలలో మా చెల్లెలి కొడుక్కి పుట్టెంట్రుకలు తీయిస్తున్నారు. మా ఏడేళ్ళ పాప వెనక సీటులో, పిల్లోడు ముందు సీటులో నా ఒళ్ళో. “బెలూన్లు ఉండాయి కదా, వాణ్ణి ముందరే కూచోబెట్టుకో, కొండలు చూస్తాడు,” అని బావే అలవాటు చేశాడు. అందుకే ఆ అక్షరాల కింద ఏముందో ఆ రోజే తెలియాలి.

బావకు బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపుంది. పెద్దారవీడు వైపు రైతులు కాలిపోయిన మోటార్లు తెస్తారు. ఆయన షాపుకు పోయాక, ఆ అక్షరాలు ఊడదీద్దామని, కాయిల్ కట్టే నైలాన్ దారం కోసం ఇంట్లో ఉన్న పనిపెట్టె తెరిచాను. దారం ఉండ కింద రెండు పక్కలా అంటుకునే టేపు చుట్ట కనిపించింది. మందంగా, బూడిదరంగు స్పాంజితో, పైన ఎర్ర కాగితం. సగం వాడేసి ఉంది. మా ఇంట్లో దానితో అంటించిన వస్తువేదీ నాకు గుర్తు రాలేదు.

మిట్టమధ్యాహ్నం దాకా ఆగాను. జిగురు మెత్తబడటానికి వేడి కావాలి. మా మార్కాపురంలో దానికి ఏ మిషనూ అక్కర్లేదు. డిక్కీ రేకు మీద అరచెయ్యి ఆనించలేనంత కాలింది.

మా నాయన పలకల రాయి చీల్చేవాడు. రాతి పొరల మధ్య పలచటి ఉలి పెట్టి తడుతూ, పక్కన కూర్చున్న నాతో అనేవాడు: “బలం పెడితే ఇరుగుతాదమ్మా. దారి చూసి పోనిస్తే అదే ఇడిపోతాది.” స్క్రూ డ్రైవరు ముట్టుకోలేదు. దారాన్ని రెండు చేతుల వేళ్ళకు చుట్టుకుని మొదటి అక్షరం వెనకకు దూర్చి, రేకుకు ఆనించి, అటూ ఇటూ రంపంలా లాగాను. లాగేటప్పుడు దారం పెయింటును కొయ్యకుండా అక్షరం పక్కల పాత పంచె ముక్క పరిచాను. తొందరపడితే తెగింది. నిదానంగా లాగితే జిగురు దారిచ్చింది.

ఎదురింటి అత్త అరుగు మీంచి చూస్తూనే ఉంది.

“ఏందమ్మాయ్, కారు పేరు పీకుతాండావు? అమ్మేస్తాండారా?”

“మాసిపోయింది అత్తా, కడుగుతున్నా.”

“కడిగేదానికి పేరు పీకాల్నా? మీ అత్తకు ఇత్తడి చెంబు తోమేదానికి కూడా ఒళ్ళొంగేది కాదు. నీకు బాగానే ఒంగుతాది, కానీయ్!”

మూడో అక్షరం నా చేతిలోకి ఊడిపడింది. వెనక బూడిదరంగు స్పాంజి. పెట్టెలో ఉన్న టేపే. రేకు మీద మిగిలిన స్పాంజిని బొటనవేలితో ఉండలు చేసి తీశాను. జిడ్డుకు కొబ్బరినూనె రాసి, కాసేపు నాననిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచాను. పెయింటుకు ఒక్క గీత పడలేదు. ఎండకు వెలిసిన తెలుపులో రెండు అక్షరాల మేర మాత్రం కొత్త తెలుపు మెరిసింది. అది అన్నిటికంటే కింది మోడల్ పేరు.

అప్పుడు కారులో కూర్చుని తాళం సగం తిప్పాను. బెలూన్లున్న కారులో, తాళం తిప్పగానే ఎర్రటి మనిషి బొమ్మ ఒకటి వెలిగి ఆరిపోవాలని ఫోనులో చదివాను. బెలూన్లున్నా పిల్లల్ని ముందర ఒళ్ళో పెట్టుకోకూడదని కూడా అందులోనే ఉంది. బ్యాటరీ దీపం వెలిగింది. హ్యాండ్ బ్రేకు దీపం వెలిగింది. ఆ మనిషి వెలగలేదు. నా సీటు ముందు డ్యాష్‌బోర్డు మీద ఎయిర్ బ్యాగ్ అన్న మాట ఉంటుంది. గోరు పెట్టి గీకాను. మాట మొత్తం స్టిక్కరై లేచొచ్చింది.

అన్నానికొచ్చిన బావ డిక్కీ దగ్గరే ఆగిపోయాడు. నేను అక్షరాలనూ స్టిక్కరునూ కంచం పక్కన పెట్టాను.

“నువ్వే అంటించినావా?”

ముందు పెయింటు మీద వేలు రాసి చూశాడు. “గీత కూడా పడలేదే. ఎట్ల తీసినావు?”

“అడిగిందానికి చెప్పు బావా.”

“పై మోడల్ దొరకలా. నువ్వేమో బెలూన్లు, బెలూన్లు అని నిద్ర లేకుండా తిరుగుతాంటివి. ఈ అక్షరాలు, స్టిక్కరు అన్నీ ఒక కవర్లో అమ్ముతారు. అంటించినా. నీకు నిద్ర పడతాదని.”

“నాకు నిద్ర పట్టేదానికి పిల్లోణ్ణి ముందర కూచోబెట్టినావా?”

“నేను బాగా తోల్తా కదే…”

“గోడకు గుద్దినోడు కూడా అదే అనుకుని ఉంటాడు.”

ఆయన కలిపిన అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. చెడ్డవాడు కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. చెడ్డవాడైతే ఎక్కడెక్కడ వెతకాలో తెలిసేది. ఇది నా మంచికని చేసిన పని. ఇలాంటివి ఇంకెన్ని చేశాడో, నేనెన్నిటి మీద నిశ్చింతగా కూర్చున్నానో! ఈ మూడు నెలలు నిజంగానే బాగా నిద్రపోయాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక గ్యాస్ పైపు మార్చానని బావ చెప్పింది నిజమో కాదో స్టవ్ వెనక వంగి చూశాను. కొత్తదే. పిల్లోడి టీకాల కార్డు తీసి చూశాను. అన్నీ వేయించాడు. అయినా కుదురు పడలేదు. అందుకే ఆ రాత్రి నుంచి ఇలా రాసుకుంటున్నాను. రాసింది మళ్ళీ చదివితే, దేని మీద ఏం అంటించి ఉందో కనిపిస్తుందేమోనని.

పొద్దున్నే పిల్లలకు తలలు దువ్వి, నంద్యాల బస్సుకు సంచి సర్దాను. బావ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. పిల్లోడు డిక్కీ వైపు చూపించి, “అమ్మా, కారు పేరేది?” అన్నాడు.

ఇద్దర్నీ దగ్గరికి లాక్కుని, బావకు వినపడేటట్టే చెప్పాను.

“అది దాని పేరు కాదు నాన్నా. ఈ కారులో బెలూన్లు లేవు. ఉన్నాయని అనుకున్నాం, లేవు. అందుకే ఇది ఘాట్ ఎక్కదు. ఊళ్ళో తిరిగినా మీరిద్దరూ వెనకే, బెల్టు పెట్టుకునే కూచోవాల. ముందర కూచోమని ఎవరు చెప్పినా వినొద్దు. మీ నాయన చెప్పినా సరే.”