ఎవరూ దాటని రోడ్డు

తెలంగాణ ఏర్పడి నాలుగేళ్లు దాటిన 2018లో నేను పాలమూరు ప్రాంతంలో ఒక రవాణా ప్రణాళికా కార్యాలయంలో ప్లానింగ్ అసిస్టెంట్‌గా పనిచేసేదాన్ని. మా కార్యాలయం రోడ్లు వేయదు, బస్సులు నడపదు. ఏ రోడ్డు మీద ఎందరు పోతున్నారు, ఎక్కడ ప్రమాదాలు జరుగుతున్నాయి, ఎక్కడ బస్‌స్టాప్ కావాలి అన్నది చూసి, ఆ పనులు చేసే శాఖలకు చెబుతుంది. ఏడాదికోసారి ఒక నివేదిక అచ్చువేస్తుంది. అందులో మొదటి సగం ‘సాధించినవి’, రెండో సగం ‘చేపట్టబోయేవి’. ఆ పుస్తకం కూర్చే పని నాది.

ఆ ఏడు ‘సాధించినవి’లో మొట్టమొదటి అంశం ఒక బ్లాక్ స్పాట్. ఒకే చోట, కొద్ది గజాల దూరంలో, పదేపదే ప్రమాదాలు జరుగుతుంటే ఆ చోటును మా భాషలో బ్లాక్ స్పాట్ అంటాం. ఇది హైదరాబాద్ – బెంగళూరు రోడ్డు మీద, కొత్తకోటకు కొంత దూరంలో ఉంది. రోడ్డుకు పడమర పాతూరు. తూర్పున కాలనీ. ఒకప్పుడు గజం భూమి కూడా లేని కుటుంబాలకు సర్కారు ఇళ్ల జాగాలు ఇస్తే వెలసిన కాలనీ అది. రేకుల కప్పు చర్చి ఒకటి, దానికి ఎదురుగా పోశమ్మ గుడి ఒకటి. బడి, రేషన్ దుకాణం, బస్‌స్టాప్ మాత్రం పాతూరు వైపే ఉన్నాయి.

రోడ్డు మధ్యలో ఎత్తుగా కట్టే గోడను మీడియన్ అంటారు. కాలనీ ఎదురుగా ఆ మీడియన్‌లో ఒక సందు ఉండేది. జనం అక్కడే దాటేవారు, అక్కడే చనిపోయేవారు. మా కార్యాలయం సిఫారసు మీద ఆ సందు మూసి, పొడుగునా ఇనుప కంచె వేశారు. దాటాలంటే దిగువన ఉన్న జంక్షన్ దాకా నడవాలి. పోనురాను గంటకు పైనే పడుతుంది. సందు మూసిన కొత్తలో ఒకాయన కంచె ఎక్కి దాటబోయి చనిపోయాడు. ఫైలులో ఆఖరి వరుస ఆయనదే. పేరు ఏసోబు. ఆ తర్వాత ఏడాది పొడుగునా ఒక్క ప్రమాదం కూడా లేదు.

మా అధికారి జనార్దన్ సార్ ఆ పేజీ చిత్తుప్రతి మీద స్వయంగా ‘సున్నా’ అని రాసి, కింద గీత గీశారు. ఆయన గొప్పలు చెప్పుకునే మనిషి కాదు. ఆ సందు దగ్గర శవాలను కళ్లారా చూసి, దాన్ని మూయించడానికి రెండేళ్లు తిరిగారు. “ఒక ఫొటో, ఒక కొత్త పెడెస్ట్రియన్ కౌంట్ కావాలి శైలజా. నువ్వే పోయిరా” అన్నారు. పెడెస్ట్రియన్ కౌంట్ అంటే ఒకచోట కూర్చుని, నడిచి దాటేవాళ్లను పొద్దున్నుంచి సాయంత్రం దాకా పావుగంటకోసారి రాసుకోవడం.

దసరా సెలవులకు ముందు రోజులు. తెల్లవారగానే మా జీపు డ్రైవర్ యాదయ్య నన్ను అక్కడ దించి, తానూ పక్కన ఒక రాతిమీద కూర్చున్నాడు. మూసిన సందుకు ఎదురుగా నేను కుర్చీ వేసుకున్నాను. లారీలు పోతున్నాయి, బస్సులు పోతున్నాయి. మనిషి మాత్రం రోడ్డు మీద కాలు పెట్టడంలేదు. మొదటి గంట కాగితం నిండా సున్నాలే.

కాసేపటికి కాలనీ వైపు నుంచి పసుపుపచ్చ చీర కట్టుకున్న ఒకామె స్టీలు క్యాను పట్టుకుని బాట వెంట వచ్చింది. రోడ్డు దగ్గరికి రాకముందే పక్కకు తిరిగి సర్కారు తుమ్మ పొదల్లోకి వెళ్లింది. ఏదో పని మీద వెళ్లిందనుకున్నాను. కొంచెంసేపటికి తల తిప్పితే పాతూరు వైపు మెట్ట చెల్క గట్టు మీద నడుస్తూ కనిపించింది. అదే చీర, అదే క్యాను. నేను కుర్చీలోంచి లేవలేదు, అప్పటిదాకా రోడ్డు మీంచి చూపు తీయలేదు. ఆమె దాటలేదు.

నా పొరపాటేమో అనుకున్నాను. తర్వాత నీలం యూనిఫాం వేసుకున్న బడిపిల్లలు వరుసగా అదే బాటలో వచ్చారు. గోల లేదు, నవ్వులు లేవు. ఒకరి వెనుక ఒకరు పొదల్లోకి వెళ్లారు. నేను రోడ్డునే చూస్తూ కూర్చున్నాను. ఖాళీ రోడ్డు. లారీ. మళ్లీ ఖాళీ రోడ్డు. అంతలో పిల్లలంతా అవతలి గట్టు మీద బడి వైపు నడుస్తున్నారు. ఆ తర్వాత ఒక ముసలాయన, రెండు మేకలు. మేకలు కూడా అట్లాగే అవతలికి చేరాయి.

యాదయ్య నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. యాభై ఏళ్ల మనిషి, రాత్రనక పగలనక బండి నడిపినవాడు.

“మేడం, నాకైతే మంచిగ అనిపిస్తలేదు. మనం పోదాం పాండ్రి” అన్నాడు మెల్లగా.

“ఏమైంది యాదయ్యా?”

“ఈడ మనుషులు ఉన్నరు. దాటుడే కనపడ్తలేదు.”

వెనుకబడిన ఇంకో పిల్లల గుంపు ఒక పెద్దపిల్ల వెంట పొదల్లోకి పోయింది. పట్టపగలు, ఎండ కాస్తోంది, అయినా చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి. ఒక లారీ పోయి, ఇంకోటి వచ్చేలోపు దొరికే ఆ కొద్ది నిశ్శబ్దంలో నా కాళ్ల కింది నుంచి మాటలు వినిపించాయి. ఎవరో పిలుస్తున్నారు, ఎవరో పలుకుతున్నారు. సన్నటి గొంతులు, ఒకదాని తర్వాత ఒకటి. “ఉన్న.” “ఉన్న.” “ఉన్న.” ఇంకో లారీ వచ్చి ఆ గొంతులను మింగేసింది.

యాదయ్య చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. చివరికి రోడ్డు వాలు పట్టుకుని కిందికి దిగాను. తుమ్మ కొమ్మలు పక్కకు నెడితే కనిపించింది. కల్వర్టు. వాననీళ్లు ఇవతలి నుంచి అవతలికి పోవడానికి రోడ్డు కింద పెట్టే సిమెంటు పెట్టె. పెద్దవాళ్లు నడుం వంచితే గానీ పట్టని ఎత్తు. అడుగున మట్టి మనుషులు నడిచి నడిచి గట్టిపడి ఉంది.

మధ్యాహ్నం బడి దగ్గర ఆ పసుపు చీర ఆమెను కలిశాను. పేరు సువార్తమ్మ. బడిలో పిల్లలకు వంట చేస్తుంది. నేనెవరో చెబితే పెద్దగా ఆశ్చర్యపోలేదు.

“పొద్దున్నే చూసిన మేడం. కుర్చీ ఏసుకొని కూసున్నరు. ఎవరి కోసం చూస్తుర్రో అనుకున్న.”

“రోడ్డు మీంచి ఎందుకు దాటరు?”

“రోడ్డెక్కం. మా కాలనీ అంత ఒక్క మాట మీద ఉన్నం. పిల్లగాండ్లను గూడ ఎక్కనియ్యం.”

“కల్వర్టులో భయం కాదా?”

“మోరీల భయమే. గాని గా భయం మనిషిని సంపదు గద” అంది.

సాయంత్రం బడి వదిలాక నన్నూ వెంట రమ్మంది. ఆమె ముందు, పిల్లలు వరుసగా, చివర నేను. నాలుగడుగులు వేయగానే వెలుతురు పోయింది. మధ్యలోకి వచ్చేసరికి ముందున్న పిల్ల జడ కూడా కనిపించలేదు. నెత్తి మీద లారీ పోతే శబ్దం చెవులకు కాదు, ఎముకలకు వినిపిస్తుంది. పైనుంచి మట్టి రాలుతుంది. అక్కడ సువార్తమ్మ ఆగింది. ఒక్కొక్క పేరే పిలిచింది. ఒక్కొక్కరే “ఉన్న” అన్నారు. పిల్లల పేర్లన్నీ అయిపోయాక ఇంకొక పేరు పిలిచింది.

“ఏసోబూ.”

ఎవరూ పలకలేదు. ఎవరూ కదల్లేదు. అందరూ ఆ చీకట్లో నిలబడి, చెవులు పెట్టి వింటున్నారు. నేనూ విన్నాను. నా వెనుక ఎవరూ లేరని తెలిసీ వెనక్కి తిరిగి చూడడానికి ధైర్యం చాలలేదు. కాసేపటికి ఆమె నడిచింది, వరుస కదిలింది.

బయటికి వచ్చాక అడిగాను. ఏసోబు ఆమె భర్త. కొత్తకోటలో వాచ్‌మన్. సందు మూసిన తర్వాత కల్వర్టులో పేరుకున్న పూడిక తీసి బాట చేసింది ఆయనే. పిల్లలను తీసుకుపోయేటప్పుడు ఆయన చివర నడిచేవాడు, ఆమె పేర్లు పిలిచేది.

“ఒకనాడు మోరీల నడుము లోతు నీళ్లొచ్చినయి. డ్యూటీకి టైమైతాందని కంచె ఎక్కిండు” అంది.

“ఇంకా ఆయన పేరు ఎందుకు పిలుస్తరు?”

“పిలవకుంటే పిల్లలు ముంగటికి అడుగెయ్యరు మేడం. ఎనుక ఎవలో ఉన్నరన్నట్టు ఉంటది వాండ్లకు.” క్యాను ఇంకో చేతికి మార్చుకుని, “నాకు గూడ” అంది.

“వానొస్తే ఏం చేస్తరు?”

“ఇంట్ల కూసుంటం. బడి లేదు, పని లేదు. జరమొచ్చినా అంతే.”

మర్నాడు కౌంట్ కాగితం సార్ ముందు పెట్టాను. ఆయన పైనుంచి కిందికి చూసి, “సున్నా అంటే మంచిదే కదా” అన్నారు. కల్వర్టు సంగతి చెప్పాను. కలానికి మూత పెట్టారు.

“అది నీళ్ల కోసం కట్టింది. మన లెక్కలోకి రాదు. ప్రమాదం జరగలేదన్నది నిజమే కదా శైలజా?”

“నిజమే సార్. దాటేవాళ్లే లేరు కాబట్టి జరగలేదు. ఒక్కసారి వచ్చి చూడండి. తర్వాత మీరెట్ల రాయమంటే అట్ల రాస్త.”

పుస్తకం అచ్చుకు పోవడానికి నాలుగు రోజులే ఉన్నాయి. అయినా మూడో రోజు వచ్చారు. అంతకు ముందురోజు వాన కురిసింది. కల్వర్టులో నీళ్లు పిక్కల దాకా దిగాయి, నడవడానికి వీలైంది. సార్ బూట్లు విప్పి చేత పట్టుకుని, ప్యాంటు మడిచారు. బడి వదిలే వేళ. సువార్తమ్మ ముందు, పిల్లలు, నేను, నా వెనుక సార్. ఏసోబు పేరు పిలుస్తారన్న సంగతి నేను ఆయనకు చెప్పలేదు. కావాలని కాదు, ఆఫీసులో చెప్పడానికి నోరు రాలేదు.

మధ్యలో వరుస ఆగింది. పేర్లు మొదలయ్యాయి. “ఉన్న.” “ఉన్న.” సిమెంటు గోడలు ఒక్కో గొంతును రెండుసార్లు పలికిస్తున్నాయి.

“ఏసోబూ.”

నా వెనుక నుంచి మగగొంతు పలికింది. “ఉన్నానమ్మా.”

వరుసలో చిట్టచివర ఉన్నవాడిని ఏదో పేరు పెట్టి పిలుస్తున్నారనుకున్నారు సార్. నాకు ఆ సంగతి వెంటనే అర్థమైంది. కానీ ఆ చీకట్లో ఆ గొంతు ఆయన గొంతులా లేదు. నా ముందున్న పిల్ల నా చెయ్యి దొరకబుచ్చుకుని గోళ్లు దించింది. పైన ఒక లారీ పోయింది. అది పోయాక నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు ముందు నుంచి నీళ్లలో అడుగులు వినిపించాయి. సువార్తమ్మ వెనక్కి వస్తోంది. ఒక్కొక్క పిల్లనే దాటుకుంటూ, తొందరపడకుండా. ఆమె చెయ్యి నా భుజం మీద పడింది, నన్ను తడిమింది, నన్ను దాటిపోయింది. నోరు తెరిచి చెప్పాలని ఉంది. అంతలోనే నా వెనుక బట్ట తడిమిన చప్పుడు.

ఆమె, “మీరా సారూ” అంది.

“నేనేనమ్మా. ఏమైంది?”

“ఏం లేదు. నడువుండ్రి.”

బయట వాలు మీద సార్ కూర్చుండిపోయారు. చేతిలో బూట్లు అట్లాగే ఉన్నాయి. ఏసోబు ఎవరో నేను చెప్పాను. ఆయన ఆ ఫైలును నాకంటే ముందే చదివారు. పేరు గుర్తుకొచ్చింది. లేచి సువార్తమ్మ దగ్గరికి పోయి, “నాకు తెలవదమ్మా” అన్నారు.

“తెలవకనే పలికిండ్రు సారూ. మీ తప్పేముంది” అంది ఆమె. పిల్లలను లెక్కపెట్టుకుని, వెనక్కి చూడకుండా కాలనీలోకి వెళ్లిపోయింది.

కార్యాలయానికి రాగానే సార్ చిత్తుప్రతి తీసి మొదటి అంశం మొత్తం కొట్టేశారు. ‘చేపట్టబోయేవి’ విభాగంలో ఒక పేరా రాయమన్నారు. కాలనీ దగ్గర పాదచారులకు అండర్‌పాస్, అంటే రోడ్డు కింద నిలువెత్తున, దీపాలతో నడక దారి. సాధించిన పని ఎక్కడికి పోయిందని పై అధికారుల సమావేశంలో అడిగితే, “సాధించలేదు, నేనే తొందరపడి రాసిన” అని అందరి ముందు చెప్పారు. ఆ మాట ఆయనకు మంచి చేయలేదు. పదోన్నతి ఇంకొకరికి పోయింది.

అండర్‌పాస్ వచ్చేదాకా వానరోజుల్లో పిల్లలను జంక్షన్ మీదుగా బడికి చేర్చే ఒక ఆటో ఏర్పాటు కూడా ఆయనే పట్టుబట్టి చేయించారు. మరుసటి ఏడు ఎగువన పెద్దవాన పడి, బడి వదిలే వేళకు కల్వర్టు ఒక్కసారిగా కప్పుదాకా నిండింది. మూతి దగ్గరి తుమ్మ పొదలు వేర్లతో సహా లేచిపోయాయి. ఆ వేళలో లోపల ఎవరూ లేరు. పిల్లలు ఆటోలో ఉన్నారు.

అండర్‌పాస్ కరోనా తర్వాత గానీ తెరవలేదు. అప్పటికి సార్ రిటైరయ్యారు. మొదటిరోజు నేను వెళ్లాను. సువార్తమ్మ నిటారుగా నడుస్తూ అవతలికి చేరింది. ఎలా ఉందని అడిగితే, “మంచిగనే ఉన్నది మేడం. గాని అలవాటయ్యేదాక గుబులే” అంది.

ఈ పనిలో ఇన్నేళ్లకు నేను నేర్చుకున్నది ఒక్కటే. మా కాగితాల్లో దాటినవాళ్లకు గడి ఉంటుంది. దాటలేక ఆగిపోయినవాళ్లకు ఉండదు. ఆ కేసు తర్వాత నా కౌంట్ కాగితాల అడుగున కలంతో ఒక ప్రశ్న రాసుకోవడం మొదలుపెట్టాను: ‘ఇక్కడికి రావలసినవాళ్లలో ఎవరు రాలేదు, ఎందుకు?’ ఇప్పుడది ఫారంలో అచ్చులోనే వస్తోంది. సర్వేకు పోయినవాళ్లలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు. ఆ కాగితాలను నేను తీసుకోను. మళ్లీ ఒక రోజు అక్కడ కూర్చుని రమ్మని వెనక్కి పంపుతాను.