జానెడు ఒరిగిన తూర్పు గోడ

మా ముత్తాత ఓబుళరెడ్డి కర్నూలు నవాబుల కాలంలో పదకొండు ఊళ్ళకు పెద్ద. ఆయన గుర్రం వీధి మొదట్లో కనిపిస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. ఆయన కొడుకు, మా జేజినాయన శేషారెడ్డి తుంగభద్ర ఒడ్డుకు కొంచెం ఎగువన, పాతూళ్ళో రెండంతస్తుల మేడ కట్టించాడు. మా నాయన బాలిరెడ్డి కట్టించిందేమీ లేదు. ఉన్నదాన్ని మర్యాదగా ఖర్చుపెట్టాడు. నాలుగోవాణ్ణి నేను. నాకు మిగిలినవి ఆ మేడ, నాయన మద్రాసు నుంచి తెప్పించుకున్న పెద్ద చెక్క కెమెరా, ఎవరి ముందూ నడుము వంచని అలవాటు. వీటితోపాటు ఒక అబద్ధం కూడా ఉంది. అది పెద్దలిచ్చింది కాదు. నేనే చేతులారా సంపాదించుకున్నది. ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్నాను. ఇవాళ దించుతున్నాను.

పేరు రాయను. పేరు దాచుకుంటే ఇదేం ఒప్పుకోలు అని మీరడగవచ్చు. కర్నూలు పాతవాళ్ళకు పైన రాసిన మూడు పేర్లు చాలు. తెలియనివాళ్ళకు నా పేరుతో పనిలేదు.

ముందు ఆ కెమెరా సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. అది మూడు కాళ్ళ మీద నిలబడే పెట్టె. ముందు లెన్సు బిగించిన పలక, వెనక గరుకు గాజు, మధ్యలో హార్మోనియం తిత్తిలా ముడుచుకునే తోలు. నల్లగుడ్డ కింద తల దూర్చి చూస్తే గాజు మీద లోకం తలకిందులుగా కనిపిస్తుంది. ఎత్తైన కట్టడం తీసేటప్పుడు తెలియనివాళ్ళు పెట్టె మొత్తాన్ని పైకెత్తుతారు. అలా ఎత్తితే గోడలు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలి, కట్టడం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. మా నాయన అది సహించేవాడు కాదు. రసమట్టంలో బుడగ నడిమధ్య నిలిచేదాకా పెట్టెను సవరించి, వెనక గాజును నిలువుగా ఉంచి, ముందున్న లెన్సు పలకను మాత్రం మెల్లగా పైకి జరిపేవాడు. ఒంటిమిట్ట గోపురాన్ని అలాగే తీశాడు. గాజు కింది అంచు నుంచి కలశాలు ఒక్కొక్కటే పైకి రావడం నేను చిన్నప్పుడు ఆయన చంకలోంచి తల పెట్టి చూశాను. పెట్టె నిటారుగా ఉంటే ఇల్లు నిటారుగా ఉంటుందనేవాడు. పని అంతా అదే. లెన్సు ఎంత ఖరీదైనదైనా నిలువు తప్పితే ఆ ఫోటో అబద్ధమే.

నాయన పోయాక ఆ కెమెరాతోనే నా పొట్ట గడిచింది. పొట్ట గడవడం కోసమని మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు. మనుషుల ఫోటోలు తీసేవాణ్ణి కాదు. పెళ్ళిళ్ళలో పక్కకు జరగండి, నవ్వండి అని చెప్పే పని మా వంశానికి తగదనుకున్నాను. గుళ్ళు, కోటలు, మేడలు మాత్రమే. రాతి ముందు వంగితే తప్పులేదని నా లెక్క. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. సర్కారు కచేరీలు డేరాల్లో నడిచేవి. ఊళ్ళో తల దాచుకునే గది దొరకడమే గగనం. కడప వైపు నుంచి వచ్చి చదువుకునే పిల్లల కోసం ఒక హాస్టలు పెట్టాలని కడప వర్తకులు కొందరు కమిటీగా ఏర్పడి మా మేడను కొంటామన్నారు. నాకు అంతకు మించిన దారి లేదు. మిద్దె కారుతోంది. ఇంట్లో రెండు గదులు తప్ప తక్కినవన్నీ మూసేశాము. అయినా, అమ్ముతున్నానని కాక, పిల్లల చదువు కోసం ఇస్తున్నానని అందరికీ చెప్పుకున్నాను.

మా వైపు పాత ఇల్లు చేతులు మారే ముందు పెద్ద మేస్త్రీ చేత గుండు పట్టిస్తారు. ఆయన గోడ పైనుంచి దారానికి ఇనుప గుండు కట్టి వేలాడదీసి, దారానికీ గోడకూ మధ్య ఎడం చూసి ఒక మాట చెబుతాడు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. అమ్మేవాడూ కొనేవాడూ ఆ మాట మీదే నడుస్తారు. మేస్త్రీకి ఇచ్చేది తాంబూలం, ఒక కొత్త తువ్వాలు. అందుకే ఆ పనికి అందరినీ పిలవరు. మాట నిలిచినవాణ్ణే పిలుస్తారు. ఆ రోజుల్లో కర్నూలులో అలాంటివాడు బడేసాబ్. మా మేడ కట్టింది వాళ్ళ తాతే.

బడేసాబ్ మేడ చుట్టూ నాలుగు వైపులా గుండు పట్టాడు. మూడు గోడలు బాగున్నాయి. తూర్పు గోడ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. పైన దారం గోడను ఆనుకుని ఉంది. కింద గోడకూ దారానికీ మధ్య తన చెయ్యి చాపి పెట్టాడు. బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా సరిపోయింది. జానెడు. గోడ వీధివైపు ఒరిగిందనీ, విప్పి మళ్ళీ కట్టందే దాని పక్కన ఎవరూ పడుకోకూడదనీ కమిటీ మనిషికి చెప్పి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

కడప పెద్దలు వెనకాడారు. గోడ విప్పి కట్టే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. చివరికి, గుండు వేలాడదీసి ఫోటో తీసి పంపితే తామే చూసుకుంటామని రాశారు. ఫోటో తీయవలసింది నేనే. నా ఫోటోల్లో గీత తప్పదని వాళ్ళకు నమ్మకం.

ఏం చేశానో రాస్తున్నాను. గోడ పైనుంచి గుండు వదిలాను. కింద గుండును సన్నని తీగతో గోడ దగ్గరికి లాగి, గారలో దిగగొట్టిన చిన్న మేకుకు కట్టాను. దారం కూడా గోడతోపాటు ఒరిగింది. రెండింటి మధ్య పైనుంచి కింది దాకా ఒకటే ఎడం. తర్వాత గోడ కొసకు ఎదురుగా కెమెరా పెట్టి, గాజు మీద ఆ దారం గాజు అంచుకు సరిగ్గా సమమయ్యేదాకా పెట్టెను పక్కకు వంచాను. కిటికీలు, వేరే గోడలు గాజులో పడకుండా చూసుకున్నాను. పడితే అవి వంకరగా కనిపిస్తాయి. రసమట్టంలో బుడగ ఒక మూలకు పోయి కూర్చుంది. దాని మీద బొటనవేలు పెట్టి మూశాను. ఎవరు చూస్తారని మూశాను? అక్కడ నేను తప్ప ఎవరూ లేరు. ఈ ప్రశ్న నేను వేలసార్లు వేసుకున్నాను.

ఫోటో అద్భుతంగా వచ్చింది. నేను తీసినవాటిలో అంత నిటారైనది లేదు. గోడ పాదం దగ్గర ఎద్దులు తాగే నీళ్ళతో నిండిన పొడుగాటి రాతి తొట్టి ఉండేది. అందంగా ఉందని దాన్ని ఫోటోలో అలాగే ఉండనిచ్చాను.

కడపలో ఆ ఫోటో చూసి అందరూ తృప్తిపడ్డారు. అంతటితో ఆగలేదు. గోడ సరిగ్గా ఉంటే ఒరిగిందని బడేసాబ్ ఎందుకు చెప్పినట్టు? విప్పి కట్టే పని తనకే వస్తుందని చెప్పాడు, అంతే కదా? ఈ మాట ముందు కడపలో పుట్టింది. వారం తిరగకముందే కర్నూలుకు వచ్చింది. కమిటీ మనిషి ఫోటో ప్రతి ఒకటి బడేసాబ్ చేతిలోనే పెట్టి, నలుగురిలో నవ్వాడట.

మర్నాడు పొద్దున బడేసాబ్ మా ఇంటికి వచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"బొమ్మ శానా బాగుండాది చిన్నరెడ్డీ. అచ్చం మీ నాయన తీసినట్టే ఉండాది."

"ఆయన దగ్గర నేర్చుకున్నదే."

"ఇది మాత్రం ఆయన దగ్గర నేర్చుకోలేదులే."

సంచిలోంచి మూలమట్టం తీశాడు. రెండు పట్టీలు నిలువూ అడ్డమూ కలిసిన మేస్త్రీల పనిముట్టు. ఫోటోను బల్ల మీద పరిచి దాని మీద పెట్టాడు.

"దారాన్ని ఈ పట్టీకి ఆనిచ్చినా. చూడు. ఇప్పుడు తొట్లో నీళ్ళ గీత ఆ పట్టీకి ఆనాల. ఆనలా. ఈ కొసన బియ్యపు గింజంత సందుండాది. గుండును లాగి కట్టొచ్చు. పెట్టెను వంచొచ్చు. నీళ్ళను ఎట్ల వంచుతావప్పా?"

నాకు చెవులు వేడెక్కాయి. అయినా కుర్చీలో ఇంకా నిటారుగా కూర్చున్నాను.

"మా ఇల్లు ఒరిగిందని చెప్పేటోడు ఇంకా పుట్టలేదు, మేస్త్రీ."

"పుట్టినాడు. ఈ గోడ కట్టినోని మనవడు. నీ ముందరే నిలబడుండాడు. మా తాత కట్టిన గోడ ఒరిగిందని చెప్పనీకి నాకు సిగ్గు లేదనుకుంటివా? ఉండాది. అయినా చెప్పినా. నీకేమప్పా కష్టం?"

బడేసాబ్ మూలమట్టాన్ని తిరిగి సంచిలో పెట్టుకున్నాడు.

"ఈ సంగతి కడపోళ్ళకు నేను చెప్పను. నా మాటకు నేనే సాక్ష్యం పలికితే దానికి విలువ యాడుంటాది? నువ్వే చెప్పాల. చెప్తావా?"

"ఆలోచిస్తా."

"ఆలోచించు. అంతదాకా నన్ను గార పూయనీకి పిలుస్తారు గానీ గుండు పట్టనీకి పిలవరు." గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ నవ్వాడు. "అంగట్లో తువ్వాళ్ళు మిగిలిపోతాయి, పాపం."

ఆయన వెళ్ళిపోయాక నేను ఆలోచించింది పిల్లల గురించి. బడేసాబ్ గురించి కాదు. ఇది కూడా ఒప్పుకోవాలి. అమ్మకం కాగితాల్లో ఒక షరతు రాయించాను. తూర్పు హాలులో మా ఇంటి దేవతను నిలిపేవాళ్ళమనీ, అక్కడ ఎవరూ పడుకోకూడదనీ, తినకూడదనీ. మా దేవతను ఏనాడూ అక్కడ నిలపలేదు. కమిటీవాళ్ళు నా భక్తికి మెచ్చుకుని, ఆ హాలులో పాత బెంచీలు, కట్టెలు వేసుకున్నారు. ఒక అబద్ధాన్ని కాపాడడానికి ఇంకో అబద్ధం. ఆ రెండోది పిల్లల ప్రాణాల కోసమే చెప్పానని చాలాకాలం నన్ను నేను బుజ్జగించుకున్నాను. వాళ్ళ కోసమే అయితే నిజం చెబితే సరిపోయేది కదా. నిజం చెబితే నా ఇల్లు ఒరిగినదవుతుంది. నేను కూడా.

మూడో ఏడు వానల్లో, పట్టపగలు, పిల్లలు కాలేజీలో ఉండగా తూర్పు గోడ వీధిలోకి కూలింది. దేవుడి దయవల్ల ఆ సమయానికి వీధిలో ఎవరూ లేరు. బెంచీలు విరిగాయి. అప్పటికి నేను కడపలో అద్దె ఇంట్లో ఉన్నాను. కబురు వినగానే గుండె నిమ్మళించింది, ఎవరికీ ఏమీ కాలేదని. ఆ వెంటనే ఇంకోసారి నిమ్మళించింది. గోడ పోయింది, ఇక ఎవరూ దానికి గుండు పట్టి చూడలేరని. ఆ రెండోసారి నిమ్మళించిన మనిషిని నేను ఇంతవరకు క్షమించలేదు.

వాన ఎక్కువైందన్నారు. పాత గోడ కదా అన్నారు. బడేసాబ్ చెప్పిన మాట ఒక్కరికీ గుర్తురాలేదు. నాకు వచ్చింది. నేను నోరు తెరవలేదు. అప్పటికే ఆయన ఊరు వదిలి ఆదోనిలో కూతురి దగ్గరికి వెళ్ళి, ఇతరుల గోడలకు గార పూసుకుంటూ బతుకుతున్నాడని తెలిసింది. మళ్ళీ ఎవరూ ఆయన్ను గుండు పట్టడానికి పిలవలేదు. కొన్నేళ్ళకు పోయాడు. ఆదోనికి బస్సు రోజుకు ఎన్నిసార్లు పోతుందో నాకు తెలుసు. ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎందుకు? ఆయన నన్ను తిడతాడని భయం కాదు. మళ్ళీ నవ్వుతాడని.

మొన్న ఒక లెక్చరరు వచ్చాడు. రాయలసీమ పాత ఇళ్ళ గురించి పుస్తకం వేస్తున్నాడట. నా ట్రంకు పెట్టెలోని ఫోటోలన్నీ తిరగేసి, చివరికి ఆ తూర్పు గోడ ఫోటోనే చేతిలోకి తీసుకున్నాడు. గీతలు ఎంత నిలువుగా ఉన్నాయో చూడండి అని పక్కనున్న నా మనవరాలికి చూపించాడు. పుస్తకం మొదటి పేజీలో వేస్తానన్నాడు. ఒక రోజు ఆగమన్నాను.

ఆ సాయంత్రం ఫోటో తిప్పి, వెనకవైపు ఇలా రాశాను. "తూర్పు గోడ జానెడు ఒరిగి ఉంది. మేస్త్రీ బడేసాబ్ చెప్పింది నిజం. గుండును లాగి కట్టాను. కెమెరాను వంచాను. ఈ ఫోటో అబద్ధం. తీసింది నేను." ఆరు వాక్యాలు. అరగంట పట్టింది. రాయడం అయ్యాక ఆకలేసింది. రెండోసారి అన్నం పెట్టించుకుని తిన్నాను. మా కోడలు నా ముఖంలోకి వింతగా చూసింది. ఇంత తేలికగా ఉంటుందని తెలిస్తే ముందే రాసేవాణ్ణా? లేదనుకుంటాను. పౌరుషానికి వయసు మళ్ళితే తప్ప ఈ ఆరు వాక్యాలు నా చేతికి వచ్చేవి కావు.

వేస్తే వెనకవైపు రాతతో కలిపి వేయమన్నాను. లెక్చరరు చదివి, కళ్ళజోడు తుడుచుకుని, సరేనన్నాడు. ఆ రాతకు ఒక నకలు ఆదోనికి, బడేసాబ్ కూతురి చిరునామాకు పంపాను. జవాబు రాలేదు. రాకపోయినా నాకు అడిగే హక్కు లేదు. ఆయన పోగొట్టుకున్నది నేను తిరిగి ఇవ్వగలిగింది కాదు. ఆయన మాట నిజమని ఒక కాగితం మీద ఉంది, అంతవరకే. ఇప్పుడు మీకు కూడా తెలుసు. నా వీపు మీద బరువు ఉన్నన్నాళ్ళూ దాన్ని హుందాతనం అనుకున్నాను. అది దిగాక, కుర్చీకి ఒకసారి చేరగిలబడి చూశాను. బాగుంది.

గోడ కూలాక కమిటీవాళ్ళు మిగిలిన మేడ కూడా విప్పించారు. టేకు దూలాలు ఒక పత్తి మిల్లుకు, తలుపులు నంద్యాలలో ఒక వ్యాపారికి, రాళ్ళు రోడ్డు కాంట్రాక్టరుకు అమ్మారు.