చేతికిచ్చిన ఉప్పు

“నా చేతికే ఇవ్వొచ్చు కదా ఆంటీ.”

“ఓకే, ఓకే.”

మార్కస్‌కీ నాకూ మధ్య ఎదురెదురుగా జరిగిన ఆఖరి మాటలివి. అతను ఇంగ్లీషులో అన్నాడు. నాకు ఆంటీ అన్న ఒక్క ముక్కే అర్థమై, నవ్వి, ఉప్పు డబ్బా అతని ముందు బల్లమీద పెట్టేసి పప్పు చూసుకోవడానికి పోయాను. ఆ మాటకు అర్థం ఇంటికొచ్చేటప్పుడు కార్‌లో మా కోడలు లలిత చెప్పింది. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నదీ తనే. నాకు సంతకం వరకే వచ్చు.

అమెరికాలో, ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి దగ్గర్లో ఒక వంటశాల ఉంది. జైలు నుంచి విడుదలైనవాళ్ళకు అక్కడ వంటపని నేర్పి, హోటళ్ళలో కుదురుస్తారు. శనివారాలు తెలుగు ఆడవాళ్ళం కొందరం పోయి మన వంటలు నేర్పుతాం. మా ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నీ ఏం చేస్తానని లలిత నన్నూ తీసుకుపోతోంది. మార్కస్ మా అబ్బాయి ఈడువాడు. ద్వారబంధం నిండా ఉంటాడు గానీ, పోపులో ఆవాలు చిటపటమంటే వెనక్కి గెంతుతాడు. మనలో ఉప్పూ మిరపకాయలూ చేతికివ్వరు కదా, ఇస్తే ఆ ఇద్దరికీ గొడవలొస్తాయని. అందరం అలవాటు కొద్దీ అతని ముందు బల్లమీద పెడుతూ వచ్చాం. జైలుకెళ్ళొచ్చిన చెయ్యి మాకు తగలకూడదని అలా చేస్తున్నామనుకున్నాడు. తరువాతి శనివారం రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

“స్కిప్ చేస్తుంటే తనకు జాబ్ ఇస్తామన్న రెస్టారెంట్ వాళ్ళు ఇంకొకర్ని తీసుకుంటారు అత్తయ్యా. జాబ్ లేకపోతే మళ్ళీ ఆ పాత ఫ్రెండ్స్ దగ్గరికే పోతాడేమో,” అంది లలిత.

నిన్న మా వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూస్తూ నిలబడ్డాను. ఈ దేశపు ఉప్పు పంచదారలా జారిపోతుంది, వాసనే ఉండదు. మా ఉప్పుకి వాసన ఉండేది. శ్రీకాకుళం వైపు, సముద్రం పక్కన ఉప్పు మడుల ఊరు మాది. ఎండలు ముదిరాయంటే మడుల్లో నీళ్ళు ఇంకి, పొద్దున్న మీగడలా కట్టిన ఉప్పు మధ్యాహ్నానికి గులకరాళ్ళై మెరిసేది. అమ్మ చెక్కపారతో దాన్ని గట్టుకు లాగుతుంటే, నేను పగిలిన మడమలు మండుతున్నా గట్టు వెంట పరిగెత్తి, నీడన దాచిన చోడి అంబలి ముంతల్లో ఎవరిది బాగా పులిసిందో వేలు పెట్టి నాకి చూసి, తిట్లు తిని, మళ్ళీ పరిగెత్తేదాన్ని. వానలు పడితే పనుండదు, చూరు కింద చింతపిక్కలాట, రాసులమీద కప్పిన తాటాకుల తడి వాసన. నాగులచవితికి అమ్మ నువ్వుల చిమ్మిలి ఎంత తియ్యగా దంచినా, ఆ వేళ్ళనుంచి నోట్లో పడేసరికి ఉప్పగా తగిలేది.

ఆ మడుల్లోకి ఒక ఏడు మా ఊరి అప్పన్న తిరిగొచ్చాడు. అంతకుముందెప్పుడో నీళ్ళు మళ్ళించే దగ్గర గొడవలో పార ఎత్తి ఒక మనిషిని కొట్టాడు. ఆ మనిషి పోయాడు, ఇతను జైలుకు పోయాడు. వచ్చాక అతనితో మాట పెంచేవాళ్ళు లేరు. కొట్లో ముందు అతనికే ఇచ్చి పంపేసేవాళ్ళు, ఎదురొస్తే పక్కకు తప్పుకునేవాళ్ళు, అతనేమన్నా తలూపేవాళ్ళు. నాకేమో అతన్ని చూడాలని ఒకటే ఆరాటం. జైల్లో కిటికీలుంటాయా? ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే లేచి నిలబడతాడెందుకు? తలుపు బార్లా తెరిచున్నా గడప బయటే ఆగుతాడెందుకు?

అమ్మ అతన్ని పనిలోకి పిలిచింది. మొదటిరోజు అంబలి పోసి, గుప్పెడు ఉప్పు తీసి అతని అరచేతిలో పోయబోయింది. గట్టుమీది ఆడవాళ్ళు గతుక్కుమన్నారు. అప్పన్న చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“సేతికిస్తే గొడవొస్తాది గదప్పా.” అక్కని మా వైపు అప్ప అంటారు.

“రానీరా. నాతోటి పోట్లాడు. పోట్లాడి, ఇంటికి పోయి తొంగుని, తెల్లారి మళ్ళీ పనిలోకి రా. అది నేర్సుకోవాల నువ్వు.”

“నువ్వే ముందు తిడితేనో?”

“తిడతాను మరి. నీ పని సూసి తిట్టకుండా ఉంటానేటి?”

నేను సందు చూసుకుని, “మావా, జైల్లో అంబలికి ఉప్పేస్తారేటి?” అని అడిగేశాను.

“ఏస్తారే. మీయమ్మంత ఎయ్యరు,” అన్నాడు చెయ్యి చాపి. గట్టుమీద ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ తరువాత వాళ్ళిద్దరూ పోట్లాడని రోజు నాకు గుర్తు లేదు. ఉప్పులో మట్టి లాగావని ఆవిడ, నీ గట్టు కారుతోందని అతను. ఒకసారి మాటా మాటా పెరిగి అప్పన్న పార ఎత్తాడు. మడుల్లో పారల చప్పుడంతా ఆగిపోయింది. అమ్మ అక్కడే నిలబడి అతని మొహంకేసి చూస్తోంది. ఎంతసేపు అలా ఉన్నారో, అతను పార నీళ్ళలో విసిరికొట్టి, తిట్టుకుంటూ గట్టు వెంట ఇంటికి పోయాడు. తెల్లారి వస్తాడా రాడా అని నేను గట్టు చివర కాచుకుని ఉన్నాను. ఎండెక్కాక వచ్చాడు. ఇంత ఆలస్యమా అని అమ్మ తిట్టింది.

ఇవాళ పొద్దున్న లలిత మార్కస్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. బల్లమీద ఎందుకు పెడతామో చెప్పించాను, నా కొడుక్కీ అలాగే పెడతానన్నాను, అమ్మ అప్పన్న చేతిలో ఉప్పు పోసిన సంగతీ చెప్పాను. శనివారం వస్తావా అంటే అవుననలేదు, కాదనలేదు. ఒక్కటే అడిగాడు: ఆ తరువాత అతనికి మళ్ళీ కోపమే రాలేదా?

అది ఫోన్‌లో అయ్యే మాట కాదు. అందుకే కూర్చోబెట్టి ఇదంతా రాయించాను. ఇప్పుడు అక్కడ ఉప్పు మడులు లేవు, రొయ్యల చెరువులట. అమ్మ లేదు. అప్పన్న ముసలివాడై, మంచాన పడి కూడా అమ్మని సాధిస్తూనే పోయాడు. నాతో పోట్లాడే మా ఆయనా పోయాడు. ఇక్కడ మా ఇంట్లో మాట తేడా వస్తే అందరూ సారీ అనేసి ఎవరి గదిలోకి వాళ్ళు పోతారు.

లలితా, ఇంగ్లీషులో పెట్టి మార్కస్‌కి పంపే ముందు ఒకసారి మొదట్నుంచీ చదివి వినిపించు. అప్పన్నని మరీ మంచోణ్ణి చేసేశానేమో చూడాలి. పార ఎత్తిన కాడ మెల్లిగా చదువు.