చల్లారేదాకా దేవనహళ్ళిలో

పాత మోటార్‌సైకిళ్ళ ఇంజన్లు సరిచేయడం నా వృత్తి. సాధారణంగా బండ్లే నా దగ్గరికి వస్తాయి. ఈసారి నేను బయలుదేరడానికి కారణం రూత్ గారి ఫోను. దేవనహళ్ళికి అవతల ఒక బడిలో ఆమె టీచరు. బస్సులు అరుదైన ఆ దారిలో తన పాత సింగిల్ సిలిండర్ బండి మీదే వెళ్ళేవారు. కిందటి నెల స్టార్ట్ చేస్తుండగా కిక్ వెనక్కి తన్ని చీలమండ వాచింది. అప్పటి నుంచి భయంతో బండి ముట్టలేదు. భర్త శామ్యూల్ దాన్ని అమ్మడానికి బేరం కుదిర్చారు. సోమవారం కొనేవాళ్ళు వస్తారు. “ఆలోపు నా కాలితో నేనే స్టార్ట్ చేస్తే అమ్మనని మాటిచ్చినాడు సార్,” అన్నారామె.

శనివారం ఉదయం పదింటికి బొమ్మనహళ్ళిలో మెట్రో ఎక్కి, ఆర్వీ రోడ్డులో లైను మారి, చిక్కపేటలో దిగాను. తోపుడుబండ్లను తప్పించుకుంటూ ఒక విడిభాగాల దుకాణం చేరి కొత్త పాయింట్లు తీసుకున్నాను. ఇంజనులో నిప్పురవ్వ ఏ క్షణాన పుట్టాలో నిర్ణయించే చిన్న స్విచ్చు అది. తరువాతి స్టేషను మెజెస్టిక్. అక్కడి నుంచి దేవనహళ్ళికి నేరుగా బస్సు. ఛార్జీలన్నీ కలిపి నూట యాభై లోపే, కానీ బస్సుకు గంటన్నర పైనే కేటాయించుకోండి.

బస్టాండులో శామ్యూల్ ఎదురుచూస్తున్నారు, ఆ బండి మీదే.

“ఎక్కండన్నా! మిమ్మల్ని ఎండలో నడిపిస్తే రూత్ నన్ను ఇంట్లోకి రానీదు. మీకోసరం పొద్దున రెండు రౌండ్లు కూడా కొట్టినా, బాగా వేడిగా ఉండాది.”

ఆయన మర్యాదను కాదనలేక వెనక కూర్చున్నాను. పాయింట్లతో పాటు వాల్వులూ చూడాలి; ఇంజనులోకి గాలిని, బయటికి పొగను వదిలే ఆ వాల్వుల సందును పూర్తిగా చల్లారిన ఇంజనులోనే కొలవాలి. వేడికి లోహం సాగి కొలత తప్పుతుంది. ఇంటికి చేరాక మెల్లగా ఆ మాట చెప్పాను.

రూత్ గారు భర్త వైపు తిరిగారు. “దోసె పెనం మాదిరి కాల్చి తెచ్చినావా?”

“మర్యాద చేసినా తప్పేనా అప్పా!”

వేడిలోనూ చేయగల పని పాయింట్లది. కొత్తవి బిగించి, సందు సరిచేసి, వాటి మధ్య పలుచని కాగితపు ముక్క ఉంచాను. స్పార్క్ ప్లగ్గు విప్పి, గేరులో ఉంచి వెనక చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతుంటే, పాయింట్లు విడిపోయే క్షణాన కాగితం జారివస్తుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చూస్తే, పిస్టన్ ఇంకా చాలా కింద ఉండగానే అది జారింది. పిస్టన్ పైకి రాకముందే నిప్పు పుడితే, ఆ తోపుడు కిక్ మీదుగా కాలికి తగులుతుంది.

“ఈయన బరువుకు బండి లొంగుతుంది, నాకు ఎదురు తిరుగుతుంది. నాకే చేతకాలేదనుకున్నాను,” అన్నారు రూత్ గారు.

“మీ కాలిది తప్పు కాదమ్మా. నిప్పు తొందరపడింది.”

పాయింట్ల ప్లేటును కొద్దిగా జరిపి, ఇంజను మీద ఉన్న గుర్తుకు సరిపెట్టాను. రాగిముద్ద, చిక్కుడుగింజల సారు అనే పలుచని పులుసుతో భోజనమైంది. సాయంత్రానికి ఇంజను చేతికి చల్లగా తగిలింది. పొగ వెళ్ళే వాల్వుకు అసలు సందే లేదు. దాన్ని, దాని జంటను సరిచేశాను.

“నేను కిక్ కొట్టి చూపిస్తా,” అంటూ శామ్యూల్ లేచారు.

“ఆమెను కొట్టనివ్వండి,” అని నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను.

మొదటిసారి ఆమె భయంతో పాదం సగంలోనే ఎత్తేశారు. కిక్ మెత్తగా పైకి వచ్చింది తప్ప తన్నలేదు. ఆమె దాన్ని కాసేపు చూశారు. రెండోసారి చివరిదాకా తొక్కారు. ఇంజను నిదానంగా, సమంగా కొట్టుకోసాగింది.

శామ్యూల్ ఫోను తీశారు. “సోమవారం రావద్దప్పా. బండి ఉండాది. అమ్మేది లేదు.”

బస్టాండు దాకా నన్ను రూత్ గారే దింపారు. ఆ మధ్యాహ్నం చల్లారాల్సింది ఇంజను ఒక్కటే కాదని, ఆమె భయం కూడా అని దారిలో అనిపించింది. బండి రాగానే వేడిలోనే ముగించి వెళ్ళి ఉంటే, ఆమె నా పనిని నమ్మేవారేమో గాని తన కాలిని నమ్మేవారు కాదు. ఒక్క సలహా: వాల్వులు సరిచేయించాలంటే ముందు రాత్రి నుంచి బండిని కదపకండి. మెకానిక్‌ను తీసుకురావడానికి బస్టాండుకు నడిచే వెళ్ళండి.