మాత్రకీ టీకీ మధ్య గంట

సువార్తమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. జాకెట్టు కుట్టి ఎల్లుండికి ఇస్తానంటే ఎల్లుండికి ఇచ్చి తీరుతుంది. అలాంటి మనిషి నెలల తరబడి డాక్టరు ముందు కూచుని ఒకే అబద్ధం చెప్పింది. అది అబద్ధమని ఆమెకే తెలియదు, అదీ విచిత్రం.

తెనాలి నుంచి పెళ్లయి రాయపూర్ రైల్వే క్వార్టర్‌లోకి వచ్చింది. మొగుడు స్టీఫెన్ స్టేషన్లో రైళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. పగలు చర్చి పనులుంటాయని అందరి నైట్ డ్యూటీలూ తనే అడిగి తీసుకునేవాడు. 2008లో ఆమెకి థైరాయిడ్ ఉందని తేలింది. రిపోర్టులో టీఎస్‌హెచ్ పెరిగిందని చూసి, "పెరిగితే మంచిదేగా?" అందా మహాతల్లి.

స్టీఫెన్ పగలబడి నవ్వాడు. "అది మెదడు పెట్టే కేకే, పిచ్చిదానా! గొంతులో గ్రంథి పలక్కపోతే కేక పెరుగుద్ది. నేను ఫోనెత్తకపోతే మా స్టేషన్ మాస్టర్ అరవడూ, అట్టా. మాత్రేసుకో, అరుపు తగ్గుద్ది."

యాభై మైక్రోగ్రాముల మాత్ర. తెల్లారి ఐదింటికి, పరగడుపున, మంచినీళ్లతో. తర్వాత గంటదాకా టీ కూడా తాగకూడదు. ఆ గంట ఆమెకి ఏనాడూ బరువనిపించలేదు. ఆయన ఆరింటికి డ్యూటీ దిగి వస్తాడు, అప్పటిదాకా స్టవ్ వెలిగించబుద్ధే కాదు. గడప మీద కూచుని గేటు వైపు చూస్తుండేది. ఆయన సైకిలు గోడకి ఆనిస్తూనే, "ఏమే, నా టీ ఏదీ?" అనేవాడు. పద్నాలుగేళ్లు అంతే. టీఎస్‌హెచ్ ఉండాల్సినట్టే మూడు చుట్టూ తిరిగింది.

రిటైర్మెంటు ఏడు నెలలుందనగా స్టీఫెన్ గుండె ఆగిపోయింది. ఆమె క్వార్టర్ ఖాళీ చేసి, శంకర్ నగర్ వెనక ఓ అద్దె ఇంట్లోకి మారింది.

ఏడాది తిరిగేసరికి మొహం ఉబ్బింది, దువ్వెన నిండా జుట్టే. సూదిలో దారం ఎక్కించి, ఏం కుట్టాలో మర్చిపోయేది. దిగులేలే, తగ్గుతుంది అన్నారు చర్చివాళ్లు. డాక్టర్ ఫణిశ్రీ, మన తెలుగమ్మాయే, రక్తం పరీక్ష చేయించింది. టీఎస్‌హెచ్ పదకొండు. మాత్ర డెబ్భై అయిదు చేసింది. రెండు నెలలాగి చూస్తే పదమూడు. వంద చేసింది. అయినా పన్నెండు.

"టీకి గంట ఆగుతున్నారుగా?" అని ప్రతిసారీ అడిగేది.

"ఆగకేం తల్లీ, గంట ఆగుతా."

ఇంకా పెంచే ముందు మరోసారి చూద్దామంది. ల్యాబ్ నుంచి వీరేంద్ర తెల్లారే ఇంటికొచ్చాడు. రక్తం ఇచ్చేదాకా మాత్ర ఆపమన్నారు కదా, అతను సూది తియ్యగానే ఆమె మాత్ర నోట్లో వేసుకుని, స్టవ్ మీంచి దించిన టీతో మింగేసింది. అలవాటుగా రెండు గ్లాసులకి పెట్టిన టీ అది, రెండోది అతనికిచ్చింది.

"అరే అమ్మాజీ! గోలీ చాయ్‌తోనా?" అన్నాడతను హిందీలో. "అలాగైతే ఒంటికి పట్టదు. గంట ఆగాలి."

"ఆగుతాగా!" అంది గబుక్కున, టీ గ్లాసు చేతిలో పెట్టుకునే.

అప్పుడు చూసుకుంది గ్లాసుని. కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి. ఆయన పోయిన మర్నాటి నుంచీ ఇంతే. ఎవరూ రాని ఆ గంటకి జడిసి, మాత్రా టీ ఒక్కసారే మింగేసి, మిషను ముందు కూచుంటోంది. నోరు మాత్రం పాత లెక్కే చెబుతోంది.

డాక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "అయ్యో అమ్మా! నేనేమో నూట పాతిక రాయబోతున్నా," అని ఫణిశ్రీ తల పట్టుకుంది. "మందు తక్కువై కాదు, ఒంట్లోకి పోక. పాత యాభైకే వెళ్దాం. కానీ గంట ఆగాల్సిందే. ఆగగలరా?"

"మాత్ర ఎంత పెద్దదైనా మింగుతా గానీ, ఆ గంట నావల్ల కాదు డాక్టరమ్మా."

అంది గానీ, ఆగింది. మొదటి వారమంతా ఏడ్చింది. ఆయన గొంతు మర్చిపోతున్నానేమోనని ఇన్నాళ్లూ లోలోపల భయపడేది, ఆ గంటలోనే అది మళ్లీ వినిపించసాగింది. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం, చెప్పులు విప్పుతూ విసుక్కోవడం, అన్నీ వచ్చాయి. మనిషి ఒక్కడే రాలేదు.

రెండు నెలలకి రిపోర్టు వచ్చింది. మూడు.

మర్నాడు ఐదింటికి మాత్ర వేసుకుని, ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని గడప మీద కూచుంది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది.

"అరుపు తగ్గిందయ్యా," అంది గేటు వైపు చూస్తూ. "మూడే."

ఆరయింది. ఆయన డ్యూటీ దిగడం ఆలస్యమైన రోజుల్లో ఆగినట్టే, ఇంకో పది నిమిషాలు ఆగింది. తర్వాత లేచి, ఒక్క గ్లాసు నీళ్లు గిన్నెలో పోసి, స్టవ్ వెలిగించింది.