వాగు దాటి వచ్చిన బీరకాయలు

నా చిన్నప్పుడు మట్టెవాడలో మా గడప ముందు రోజూ పొద్దున్నే ఒక గంప దిగేది. పక్క పల్లెలో తన చెలకలో పండించిన కూరగాయలు నెత్తిన పెట్టుకొని నడిచివచ్చే ఆమెను మేము కూరగాయల అక్క అనేవాళ్లం. ఇంట్లో కూర ఉన్నా లేకున్నా మా నాయనమ్మ ఆమెకు బోణీ చేయాల్సిందే. ఏమీ అక్కర్లేని రోజు కొత్తిమీర కట్టయినా తీసుకునేది. అంగట్లో లారీల సరుకు చవకగా దొరుకుతుంటే ఈ మొహమాటం ఎందుకని మా బాపు సణిగేవాడు. నాయనమ్మకు ఇష్టంలేని మాటలు చెవిన పడేవి కావు.

ఒక ఏడు వానాకాలంలో మా తమ్ముడు పుట్టాడు. బాలింతకు మా ఇంట్లో పత్యం గట్టిగా ఉండేది. పాతబియ్యం అన్నం, లేత బీరకాయ కూర, అంతే. సరిగ్గా అప్పుడే ముసురు పట్టింది. రోడ్లు తెగి లారీలు ఆగిపోయాయి. బాపు అంగడంతా తిరిగి, సగం కుళ్లిన గోబీగడ్డ, అదే క్యాబేజీ, ఒకటి తెచ్చాడు. వాయువు చేస్తుందని నాయనమ్మ దాన్ని వంటింట్లోకే రానివ్వలేదు. అమ్మ వట్టి చారన్నం రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టేది. పాలు చాలక తమ్ముడు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. పసిగుడ్డు నిలుస్తాడో లేదోనని పక్కింటివాళ్లు గుసగుసలాడటం విన్నాను. ఇక నాకు అన్నం సయించలేదు. వాడు నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని పొట్టమీద చెయ్యి పెట్టి చూసేదాన్ని.

కూరగాయల అక్క కూడా రాలేదు. దారిలో వాగు పొంగిందన్నారు. నాయనమ్మ మాటిమాటికీ గడపలోకి వెళ్లి నిలబడేది. బీరకాయల కోసమే అనుకున్నాను.

ఒక పొద్దున వాన తెరిపిచ్చింది. గోనెసంచి కప్పుకొని, నడుందాకా తడిసి, అక్క వచ్చింది. గంప అడుగున కొన్ని బీరకాయలున్నాయి. నాయనమ్మ వాటివైపు చూడనైనా లేదు. ఆమెను లోపలికి లాగి, తల తుడుస్తూ కోప్పడింది.

“కాయలు పోతే పోనీ. వాగుల నువ్వు కొట్టుకపోతే నీ పిల్లలు ఎవరిని అడగాలె బిడ్డా?”

“వాగు జర తగ్గినంకనే దాటిన పెద్దమ్మా. బాలింత ఏం తింటాందోనని పానం ఊకోలే. పాదు మీద ఇవ్వే మిగిలినయి.”

నాయనమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అన్నాళ్లూ గడపలో నిలబడింది ఎవరికోసమో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ పూట అమ్మ కడుపునిండా తిన్నది. పాలు కూర వల్ల పడ్డాయో, మనసు కుదుటపడి పడ్డాయో చెప్పలేను గానీ, సాయంత్రానికి తమ్ముడు ఏడుపు మానాడు. ఎక్కడినుంచో వచ్చే లారీకి మా ఇంట్లో బాలింత ఉందని తెలియదు. మన పక్కనే పండించే మనిషికి తెలుస్తుంది. ఆమె చేను మునిగితే మనకూ తెలుస్తుంది.

నేనిప్పుడు కూడా దగ్గరి పల్లె నుంచి వచ్చే ఒకామె దగ్గరే కూరలు కొంటాను. రాత్రి గట్టి వాన పడితే నాకు నిద్ర పట్టదు. పొద్దున్నే ఆమె గొంతు వినపడేదాకా, వండటానికి ఏముందన్న ఆలోచనే రాదు.